కాల్‌కీ కాల్‌కీ మధ్య పోయిన నిమిషం

(కాల్ సెంటర్లలో పనిచేసేవాళ్ళు, టీమ్ లీడర్లు కూర్చున్న సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా? సరే. నైట్ షిఫ్ట్ దిగి క్యాబ్‌లో నేరుగా ఇటే వచ్చినవాళ్ళు కొందరున్నారని చెప్పారు. కునుకు పడితే పడనివ్వండి, నేనేమీ అనుకోను. ఇవాళ మాట్లాడబోయేది ఒక రకంగా మీ నిద్ర గురించే.

ఏఐ వచ్చాక పనిచేసేవాళ్ళ మనసుకి ఏమవుతోంది, ఇదీ విషయం. ఈ మాట అనగానే అందరికీ ముందు వచ్చే ప్రశ్న ఒకటే. ఉద్యోగం ఉంటుందా, ఊడుతుందా? దాని దగ్గరికి వస్తాను, కానీ కాసేపాగి వస్తాను. ఎందుకంటే ఉద్యోగం పోయినవాళ్ళ గురించి పేపర్లో వార్త వస్తుంది. ఉద్యోగం ఉండి, అదే కుర్చీలో, అదే హెడ్‌సెట్ తగిలించుకుని, అదే జీతానికి పనిచేస్తూ, "ఏంటో ఈ మధ్య ఇంటికి వెళ్ళాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు" అనుకునేవాళ్ళ గురించి వార్త రాదు. నాకు ఆ రెండో రకం వాళ్ళ గురించి చెప్పాలని ఉంది.

ఏఐ అంటే సముద్రం. అంతా ఈదలేం. ఒక్క కాల్ ఫ్లోర్ తీసుకుందాం, అందులో ఒక్క సీటు తీసుకుందాం, ఆ సీటు దగ్గర ఒక్క షిఫ్ట్ తీసుకుందాం. మిగతా ఉద్యోగాలవాళ్ళు మీ లెక్కలు మీరు వేసుకోవచ్చు.

లెక్క అన్నాను కాబట్టి లెక్కే వేద్దాం. ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను పెట్టుకున్నవి. మీ ప్రాసెస్‌లో వేరేగా ఉంటాయి, ఇంటికెళ్ళి మీ అంకెలు పెట్టి మళ్ళీ వేసుకోండి. బ్రేకులు, టీమ్ హడిల్ మీటింగులు తీసేస్తే ఫోన్ మీద ఏడున్నర గంటలు. అంటే 450 నిమిషాలు. బాట్, అంటే కస్టమర్‌తో ముందుగా మాట్లాడే ఏఐ ప్రోగ్రామ్, రాకముందు సగం కాల్స్ సులువువి, రెండేసి నిమిషాలు. సగం కష్టమైనవి, ఆరేసి నిమిషాలు. సగటున మాట్లాడేది 4 నిమిషాలు. కాల్ అయ్యాక నోట్స్ కొట్టి, డిస్పోజిషన్, అంటే కాల్ ఎలా ముగిసిందో చెప్పే కోడ్, పెట్టి మూసేయడానికి, మీరు ర్యాప్ అంటారు కదా, దానికి 1 నిమిషం. మొత్తం ఏహెచ్‌టీ, అంటే ఒక కాల్‌కి పట్టే సగటు సమయం, 5 నిమిషాలు. ఆక్యుపెన్సీ 80 శాతం. అంటే 360 నిమిషాలు కాల్స్ మీద, 90 నిమిషాలు అవైల్‌లో, అంటే తరవాతి కాల్ కోసం ఎదురుచూస్తూ. ఎన్ని కాల్స్ అయ్యాయి? 72. అందులో కష్టమైనవి 36.

ఇప్పుడు బాట్ వచ్చింది. బ్యాలెన్స్ ఎంత, పాస్‌వర్డ్ మర్చిపోయాను, పార్శిల్ ఎక్కడుంది, ఇవన్నీ అది పట్టుకుపోయింది. మీకు వచ్చేవి ఆరు నిమిషాల కాల్సే. ర్యాప్ కూడా ఏఐ రాసేస్తోంది, మీరు ఓ పది సెకన్లు చూసి సేవ్ కొడితే చాలు. కాల్స్ తగ్గాయి కాబట్టి మనుషుల్నీ తగ్గించారు, అవసరమైన దానికన్నా నలుగుర్ని ఎక్కువే తగ్గించారు, కాబట్టి ఆక్యుపెన్సీ 90కి పోయింది. 405 నిమిషాల్ని 6 నిమిషాల 10 సెకన్లతో భాగించండి. 65 కాల్స్.

డాష్‌బోర్డ్ ఏమంటుంది? 72 నుంచి 65కి తగ్గింది, మనవాళ్ళ మీద భారం తగ్గింది అంటుంది. నిజమేనా? కష్టమైన కాల్స్ 36 ఉండేవి, 65 అయ్యాయి. దాదాపు రెట్టింపు. సులువైనవి సున్నా.

అసలు సంగతి అది కూడా కాదు. కాల్‌కీ కాల్‌కీ మధ్య చూడండి. ఇదివరకు ర్యాప్ ఒక నిమిషం, అవైల్‌లో ఒకటింబావు నిమిషం, వెరసి కస్టమర్ గొంతు లేకుండా రెండుంబావు నిమిషాలు. ఇప్పుడు ర్యాప్ 10 సెకన్లు, అవైల్ 40 సెకన్ల చిల్లర. వెరసి 50 సెకన్లు. షిఫ్ట్ మొత్తానికి కలిపితే 2 గంటల 40 నిమిషాలు ఉండే నిశ్శబ్దం గంట లోపుకి వచ్చేసింది. ఈ నిశ్శబ్దం మొత్తంగా ఎక్కడా రిపోర్ట్‌లో ఉండదు. దానికి కాలమ్ లేదు. అందుకే పోయినా ఎవరికీ తెలియలేదు.

ఆ నిమిషం ఎవరిది? కంపెనీ లెక్కలో అది వృథా. ఏఐ అమ్మడానికి వచ్చినవాళ్ళ స్లైడ్‌లో అది 'ఆదా'. ఆ నిమిషంలో మీరేం చేసేవాళ్ళు? నీళ్ళు తాగేవాళ్ళు. పక్క సీటు వైపు తిరిగి "బాబోయ్, ఏం మనిషిరా" అనేవాళ్ళు. నడుము వెనక్కి వంచేవాళ్ళు. గొంతు సవరించుకునేవాళ్ళు. అరిచిన కాల్ తరవాత గుండె దడ తగ్గడానికి కొంచెం టైం కావాలి, అది అక్కడ దొరికేది.

ఇంకోటి ఉంది, ఇది తేలిగ్గా కనబడదు. నోట్స్ కొట్టడం మీకు విసుగే, నాకు తెలుసు. కానీ నోట్స్ కొట్టి, క్లోజ్ నొక్కినప్పుడు ఆ కాల్ మీ మనసులో కూడా మూతపడేది. 2009లో సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు ఒక సంగతి చూపించారు. ఒక పని ముగిసిందన్న భావన లేకుండా రెండో పనిలోకి దూకితే, ధ్యాసలో కొంత ముక్క మొదటి పని దగ్గరే అంటుకుపోతుంది, రెండో పని పాడవుతుంది. గిన్నె కడగకుండా అందులోనే మళ్ళీ వండినట్టు. నోట్స్ మీ మాటల్లో మీరు రాసుకోవడం ఆ గిన్నె కడుక్కోవడం. ఇప్పుడు కడగడం తీసేశారు.

దాని బదులు ఏం పెట్టారు? ఎవరో రాసింది సరిచూసే పని. ఇది తేలికనుకుంటారు పైవాళ్ళు. చాలాసార్లు సరిగ్గానే ఉండి, ఎప్పుడో ఒకసారి తప్పు వచ్చేదాన్ని పట్టుకోవడం మనిషికి చాలా కష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చున్నవాళ్ళ సమస్యను నార్మన్ మాక్‌వర్త్ అనే ఆయన పరీక్ష పెట్టి చూశారు, 1948లో అచ్చయింది. ఒక ముల్లు గడియారంలా టిక్కు టిక్కుమని కదులుతుంది, అరుదుగా ఒక్కసారి రెండు అంగలు వేస్తుంది, అది పట్టుకోవాలి. రెండు గంటల పరీక్ష. మొదటి అరగంట దాటాక పట్టుకోవడం తగ్గిపోయింది. మనుషులు బద్ధకస్తులై కాదు, మెదడు తీరే అంత. ఏఐ రాసిన సమ్మరీలో "రీఫండ్ ఇస్తామని చెప్పాం" అనీ, "రీఫండ్ ఇవ్వమని చెప్పాం" అనీ, ఒక్క అక్షరం తేడా. అరవయ్యో కాల్ దగ్గర, పది సెకన్లలో, మీరది పట్టుకోవాలి. పట్టుకోకపోతే తప్పు ఎవరి పేరున పడుతుంది? మీ పేరునే. సేవ్ కొట్టింది మీరు కదా.

1983లోనే లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కర్మాగారాల ఆటోమేషన్ గురించి ఇదే చెప్పారు. యంత్రం సులువైన భాగాలు తీసుకుంటుంది. మనిషికి మిగిలేవి రెండు. యంత్రానికి చేతకాని కష్టమైన భాగం ఒకటి, యంత్రాన్ని కాపలా కాయడం ఒకటి. నలభై ఏళ్ళ పైమాట. అప్పుడు ఆమె ముందున్నవి కంట్రోల్ రూములు, మనకిప్పుడు కాల్ ఫ్లోర్.

సులువైన కాల్ అంటే మనకి చులకన. దాని విలువ పోయాకే తెలిసింది. పాస్‌వర్డ్ రీసెట్ చేసేటప్పుడు మనసు సగం ఖాళీ. పైగా చివర్లో ఆ మనిషి "థాంక్సండీ" అంటాడు. 36 సులువు కాల్స్ అంటే రోజుకి ముప్ఫై ముప్ఫై ఐదు సార్లు ఎవరో ఒకరు మీకు థాంక్స్ చెప్పేవాళ్ళు. నేనొక పని మొదలుపెట్టాను, పూర్తి చేశాను, అవతలివాడు సంతోషించాడు. ముప్ఫై ఐదు సార్లు! ఇంట్లో ఎవరైనా చెబుతారా అన్ని సార్లు? నవ్వకండి, నిజం. ఆ థాంక్సులన్నీ ఇప్పుడు బాట్‌కి పోతున్నాయి, దానికేమో వాటి అవసరం లేదు.

ఇక మీకు వచ్చే కాల్ ఎలా వస్తుంది? ఇది టీమ్ లీడర్లు బాగా వినాలి. కస్టమర్ ముందు బాట్‌తో మాట్లాడతాడు. సమస్య చెబుతాడు. అది అర్థం కాక మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ చెబుతాడు. మూడోసారి మెయిన్ మెనూకి పంపిస్తుంది. మనిషిని ఇవ్వండి మనిషిని ఇవ్వండి అని అరుస్తాడు. అప్పుడు మీకు కలుస్తుంది. మీరు, పాపం, నవ్వు మొహంతో, "నమస్కారం, మీకు నేనెలా సహాయపడగలను?" అంటారు. ఆ మనిషికి అది నాలుగోసారి. ఆ కోపం మీరు తెచ్చింది కాదు, మీ ప్రాడక్ట్ తెచ్చింది కూడా కాకపోవచ్చు, హ్యాండోవర్, అంటే బాట్ మీకు అప్పజెప్పిన తీరు, తెచ్చింది. కానీ కాల్ అయ్యాక సీశాట్ సర్వే, అంటే కస్టమర్ ఎంత తృప్తిపడ్డాడో అడిగేది, ఎవరి పేరు మీద వెళ్తుంది? ఒకటో రెండో మార్కులు పడితే ఎవరి స్కోరు ఎర్రబడుతుంది?

దీనికి మందు మనస్తత్వ శాస్త్రంలో లేదు, సెట్టింగులలో ఉంది. బాట్ రెండుసార్లు అర్థం చేసుకోలేకపోతే మూడోసారి ప్రయత్నించకుండా మనిషికి ఇచ్చేయాలి. బాట్‌తో అయిన మాటలు కాల్ మోగకముందే ఏజెంట్ స్క్రీన్ మీద ఉండాలి. మోగాక నాలుగు సెకన్లకి లోడ్ అయ్యేది పనికిరాదు, అప్పటికి మీరు "ఎలా సహాయపడగలను" అనేసి ఉంటారు. సర్వేలో బాట్‌కి ఒక ప్రశ్న, మనిషికి ఒక ప్రశ్న విడివిడిగా ఉండాలి. ఈ మూడూ చేయకుండా ఏజెంట్లకి ఒత్తిడి నిర్వహణ అని యోగా క్లాసు పెడితే, కప్పు కారుతుంటే గొడుగు పంచినట్టు.

ఇప్పుడు స్క్రీన్‌కి కుడి పక్కకి వద్దాం. ఏజెంట్ అసిస్ట్ అంటారు, రకరకాల పేర్లున్నాయి. అందులో కస్టమర్ మాటలు అక్షరాలై పారుతుంటాయి. పక్కనే ఇలా చెప్పు అలా చెప్పు అని కార్డులు. పైన కస్టమర్ మూడ్ చూపించే ఒక పట్టీ, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. మధ్యలో చిన్న గంట, "సానుభూతి చూపించండి" అని. ఎదుటి మనిషి ఏడుస్తుంటే మీ కళ్ళకి ఒక పెట్టె కనబడుతుంది, సానుభూతి చూపించండి అని. చెవితో ఒక మాట వింటూ కంటితో ఇంకో వాక్యం చదవడం మెదడుకి ఒకే దారిలో రెండు బళ్ళు ఎదురెదురు వచ్చినట్టు. మాటలు వినడానికీ మాటలు చదవడానికీ వాడే సరంజామా చాలావరకు ఒకటే. అందుకే మీరు "సారీ సార్, మళ్ళీ చెప్తారా" అంటారు. అంటే ఇంకో మైనస్.

పైగా అది సానుభూతిని ఎలా కొలుస్తుంది? చాలా చోట్ల మాటల జాబితాతో. "మీ ఇబ్బంది అర్థమైంది" అంటే పాయింటు. "అయ్యో, అవునాండీ" అంటే పాయింటు లేదు. మనవాళ్ళు వారంలో కనిపెట్టేస్తారు. అర్థమైంది అర్థమైంది అని కాల్‌కి మూడుసార్లు అంటారు, అర్థం కాకపోయినా. 1983లోనే ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను చూసి దీన్ని విడదీసి చెప్పారు. లోపల లేని భావాన్ని మొహం మీద తగిలించుకోవడం ఒకటి, నిజంగా ఆ భావాన్ని తెచ్చుకోవడం ఒకటి. మొదటిది ఎక్కువైనవాళ్ళే తొందరగా వాడిపోతారని తరవాతి పరిశోధనల్లో పదేపదే తేలింది. మరి మాటల జాబితాతో మార్కులేసే యంత్రం మీచేత చేయించేది ఏది? మొదటిదే.

గొంతుని బట్టి కోపం పట్టుకునే వాటితో ఇంకో చిక్కు. ట్రాక్టర్ పక్కన నిలబడి మాట్లాడే రైతు గొంతు గట్టిగానే ఉంటుంది. బస్టాండులోంచి మాట్లాడేవాడి గొంతూ అంతే. అది కోపం కాదు. పట్టీ మాత్రం ఎర్రబడుతుంది. ఎరుపు చూసి మీరు భయపడి, మామూలు మనిషికి క్షమాపణలు చెప్పడం మొదలుపెడతారు. వాడు అనుమానపడతాడు, ఏదో దాస్తున్నారని. అప్పుడు నిజంగానే కోపమొస్తుంది. యంత్రం చెప్పింది నిజమైంది!

యూరోపియన్ యూనియన్‌లో, పనిచేసే చోట ఉద్యోగుల గొంతూ మొహమూ వంటివి పట్టి వాళ్ళ భావాలు అంచనా వేసే ఏఐని నిషేధించారు. 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. వైద్యం, భద్రత కోసమైతే మినహాయింపు. మన దగ్గర అలాంటి నిషేధం లేదు. 2023 నాటి మన డిజిటల్ పర్సనల్ డేటా చట్టంలో, ఉద్యోగ అవసరాల కోసమైతే యజమాని ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వీలుంది. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. ఫ్లోర్ మీద మీరు అడిగి సాధించుకున్నదే మీకు మిగులుతుంది.

క్వాలిటీ వాళ్ళ సంగతి. ఇదివరకు క్యూఏ నెలకి ఓ ఐదారు కాల్స్ విని మార్కులేసేవాడు. ఆ ఐదూ దరిద్రపువి తగిలాయని తిట్టుకునేవాళ్ళు, అది వేరే. కానీ ఆయనతో కూర్చుని వాదించొచ్చు. "అన్నా, ఆ కస్టమర్ వాయిస్ వినండి ఒకసారి" అనొచ్చు. ఇప్పుడు నూటికి నూరు కాల్స్ యంత్రమే వింటోంది. నూరు కాల్స్ వింటే న్యాయం పెరగాలి కదా? కొంత పెరుగుతుంది కూడా, ఒప్పుకోవాలి, టీఎల్, అంటే టీమ్ లీడర్, ఇష్టాయిష్టాలు తగ్గుతాయి. కానీ తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఒకే వాక్యంలో కలిసే మన కాల్స్‌ని అక్షరాల్లోకి మార్చేటప్పుడు తప్పులు పడతాయి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే పడతాయి. మీరు చెప్పిన తప్పనిసరి డిస్క్లోజర్ వాక్యం దానికి వినబడకపోతే ఫేటల్, కాల్ మొత్తానికి సున్నా. ఎవరితో వాదిస్తారు?

1979లో రాబర్ట్ కరాసెక్ చెప్పింది ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడు. పని ఎక్కువై, దాని మీద తన చెయ్యి ఏమాత్రం లేకపోతే కుంగిపోతాడు. పెళ్ళింట్లో మూడు రోజులు నిద్ర లేకుండా పనిచేసినవాళ్ళు అలసిపోతారు, కుంగిపోరు. ఎందుకు? ఏది ముందు, ఏది వెనక వాళ్ళిష్టం. ఏఐ స్కోరు దగ్గర అది పోయింది. దీనికి పెద్ద ఖర్చు లేని మందు ఒకటుంది. డైట్‌వోస్ట్ అనే ఆయన, సహచరులు ప్రయోగాలు చేసి చూపించారు. యంత్రం అంచనాని కొద్దిగా, చాలా కొద్దిగా సవరించే వీలిచ్చినా మనుషులు దాన్ని ఒప్పుకుని వాడతారు. పూర్తి అధికారం అక్కర్లేదు, కొంచెం చెయ్యి పెట్టనిస్తే చాలు. కాబట్టి 'ఈ స్కోరు తప్పు' అనే బటన్ ఒకటి పెట్టండి. నొక్కితే 48 గంటల్లో ఒక మనిషి ఆ కాల్ వినాలి. ఎన్ని నొక్కారు, ఎన్ని నిజంగా తప్పని తేలాయి, భాషవారీగా నెలనెలా ఫ్లోర్ మీద అంటించండి. తెలుగు కాల్స్‌లో తప్పులు ఇంగ్లీషు కాల్స్ కన్నా ఎక్కువని తేలితే, తెలుగు టీమ్ ఇన్సెంటివ్‌కి ఆ స్కోరు ముడిపెట్టే హక్కు మీకు లేదు.

అన్నీ చెడే చెబుతున్నానా? లేదు. ఎరిక్ బ్రిన్యోల్ఫ్‌సన్, ఇద్దరు సహ పరిశోధకులు 2023లో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఐదు వేల పైచిలుకు కస్టమర్ సపోర్ట్ ఏజెంట్లు, ఎక్కువమంది ఫిలిప్పీన్స్‌లో. చాట్‌లో ఏఐ సలహాలు ఇస్తుంది, వాడాలా వద్దా ఏజెంట్ ఇష్టం. గంటకి పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్ళలో, నైపుణ్యం తక్కువ ఉన్నవాళ్ళలో 34 శాతం. కస్టమర్ల మాట తీరు మెత్తబడింది, మేనేజర్‌ని పిలవమనడం తగ్గింది, కొత్తవాళ్ళు మానేయడమూ తగ్గింది. ఇంకా విశేషం, సిస్టమ్ ఆగిపోయిన సమయాల్లో కూడా వాళ్ళు కొంత మెరుగ్గానే చేశారు. అంటే నేర్చుకున్నారు. ఇది మంచి వార్తే.

కానీ ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. బాగా అనుభవం ఉన్నవాళ్ళకి లాభం దాదాపు లేదు. ఏఐ నేర్చుకున్నది ఎవరి దగ్గర? బాగా చేసేవాళ్ళ చాట్‌ల దగ్గర. ఆరేళ్ళు కష్టపడి సంపాదించిన ఒడుపు కొత్తవాడి స్క్రీన్ మీద కార్డై కనబడుతుంది. ర్యాంకుల్లో తేడా తగ్గుతుంది, ర్యాంకు మీద వచ్చే ఇన్సెంటివూ తగ్గుతుంది. ఆ సీనియర్ మనసులో ఏముంటుంది? దానికి అసూయ అని పేరు పెట్టకండి. అది న్యాయమైన బాధ. వాళ్ళ కాల్స్‌తో బాట్‌ని తయారుచేస్తే దానికి విడిగా డబ్బివ్వాలి, హోదా ఇవ్వాలి. ఉత్త సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీస్తే పోయేది కాదు.

నైపుణ్యం తుప్పుపట్టడం గురించి ఒక వైద్యుల ఉదాహరణ. పోలండ్‌లో నాలుగు కేంద్రాల్లో, పెద్దపేగు కొలనోస్కోపీ చేసే డాక్టర్లకి గడ్డల్ని చూపించే ఏఐ ఇచ్చారు. తరవాత ఏఐ లేకుండా చేసిన పరీక్షల్లో చూస్తే, గడ్డ దొరికిన పరీక్షలు ఇదివరకు 28.4 శాతం ఉండేవి, 22.4కి తగ్గాయి. 2025లో వచ్చింది. ఇది పాత రికార్డులు చూసి కట్టిన లెక్క, ప్రయోగం పెట్టి తేల్చింది కాదు, ఆ జాగ్రత్త ఉండాలి. ఆ చాట్ ఏజెంట్లలో నైపుణ్యం పెరిగింది, ఈ డాక్టర్లలో తగ్గింది, తేడా ఎక్కడ? నా అభిప్రాయం చెబుతాను. అక్కడ ఏఐ సలహా చెప్పింది, మనిషి ఆలోచించి ఎంచుకున్నాడు. ఇక్కడ చూడడమే ఏఐ చేసింది, కన్ను ఆగి ఎదురుచూసింది. మీ ఫ్లోర్ మీద కార్డు చదివి ఉన్నదున్నట్టు అప్పజెప్పమంటే మీరు రెండో రకంలోకి పోతారు. ఒంటరిగా ఉన్నప్పుడు "ఇది నాకు వచ్చా?" అన్న సందేహం మొదలవుతుంది. అది చిన్న సందేహం కాదండి.

కొత్తగా చేరేవాళ్ళకి నెస్టింగ్ ఉండేది. రెండు వారాలో మూడు వారాలో సులువు కాల్స్ ఇచ్చి, వెనక ఒకరు నిలబడి. ఆ సులువు కాల్సే లేవిప్పుడు. మొదటి రోజు మొదటి కాల్, బాట్‌తో నాలుగుసార్లు పోట్లాడి వచ్చిన మనిషి! ఈత రానివాణ్ణి మెట్ల దగ్గర దింపకుండా నడి చెరువులో పడేసినట్టు. అందుకని సులువు కాల్స్‌లో కొన్ని, నూటికి పదో పదిహేనో, కావాలనే మనుషులకి పంపండి. రూటింగ్‌లో ఒక శాతం మార్చడమే. కొత్తవాళ్ళకి అవి బడి, పాతవాళ్ళకి అవి విరామం. ఫైనాన్స్ వాళ్ళు ఒప్పుకోరు అంటారా? ఒక ఏజెంట్ మానేస్తే ఇంకొకర్ని తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, నెస్టింగ్ దాటించడానికి ఎంతవుతుందో ముందు వాళ్ళకి చూపించండి.

ఒంటరితనం గురించి రెండు ముక్కలు. 2023లో తైవాన్, ఇండోనేషియా, అమెరికా, మలేషియా ఉద్యోగుల మీద చేసిన పరిశోధన ఒకటుంది. పనిలో ఏఐతో ఎక్కువ వ్యవహరించేవాళ్ళలో ఒంటరితనం ఎక్కువగా కనబడింది. దానితోపాటు నిద్ర పట్టకపోవడం, పని అయ్యాక తాగడం. వాళ్ళే తోటివాళ్ళకి సాయం కూడా ఎక్కువ చేశారు, మనుషుల కోసం మొహం వాచినట్టు. ఫ్లోర్ మీద చూడండి. ఇదివరకు డౌట్ వస్తే మ్యూట్ నొక్కి పక్క సీటుని అడిగేవాళ్ళు. ఇప్పుడు పెట్టెలో టైప్ చేస్తున్నారు. జవాబు తొందరగానే వస్తుంది. పక్క సీటులో ఉన్న మనిషి పేరు మాత్రం మూడు నెలలైనా తెలియదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఉద్యోగం పోతుందా? నేను జోస్యం చెప్పను. గుమాస్తా తరహా పనుల మీదే ఈ ఏఐ ప్రభావం అన్నింటికన్నా ఎక్కువ పడే అవకాశం ఉందని అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలు చెబుతున్నాయి, దాచడం అనవసరం. మనసు సంగతి చెబుతాను. పోతుందో లేదో తెలియని స్థితి, నెలల తరబడి సాగేది, అదే మనిషిని తినేస్తుంది. పోయిందని తెలిస్తే ఏడుస్తాడు, అప్పు చేస్తాడు, ఇంకోటి వెతుకుతాడు, ఏదో ఒకటి చేస్తాడు. తెలియనప్పుడు ఏమీ చేయలేడు, ఈఎంఐ కట్టే తేదీ చూసుకుంటూ కూర్చుంటాడు. మేనేజర్లు "భయపడకండి, ఏఐ మీకు తోడు మాత్రమే" అంటారు. ఆ మాట ఎవరూ నమ్మరు, చెప్పేవాళ్ళతో సహా. తేదీలు చెప్పండి. ఫలానా నెల వరకు ఈ ప్రాసెస్‌లో సీట్లు తగ్గవు. ఫలానా తేదీన మళ్ళీ కూర్చుని చెబుతాం. మీ కాల్స్ ఫలానా పనికి వాడుతున్నాం, ఇన్ని నెలలు ఉంచుతాం. చెడు వార్తైనా తేదీ ఉన్న వార్త నయం.

టీమ్ లీడర్లు సోమవారం నుంచి చేయదగినవి, మీ చేతిలో ఉన్నవే చెబుతాను. బాట్ మొదలైన వారమే ఏహెచ్‌టీ టార్గెట్ తిరగరాయించండి. ఇందాకటి లెక్కలో పాత టార్గెట్ 5 నిమిషాలు, కొత్త సగటు 6 నిమిషాల 10 సెకన్లు. టార్గెట్ అలాగే ఉంచితే ఫ్లోర్ అంతా ఎరుపు, తప్పు ఒక్కరిదీ కాదు. ర్యాప్‌లో ఏఐ మిగిల్చిన 50 సెకన్లలో సగం, 25 సెకన్లు, ఏజెంట్‌కి తిరిగివ్వండి, తరవాతి కాల్ అప్పటిదాకా పడకుండా. ఆక్యుపెన్సీ 85 దాటిన అరగంటలు వరసగా వస్తుంటే ఆఫ్-ఫోన్ పని ఏదైనా మధ్యలో దూర్చండి. బూతులు తిట్టిన కాల్ తరవాత ఐదు నిమిషాల ఆక్స్ కోడ్, అంటే కాల్స్ పడకుండా ఆపే విరామం, ఒకటి, అడ్హియరెన్స్‌లో, అంటే షిఫ్ట్ టైమ్ పాటించినందుకు వేసే స్కోరులో, కోత లేకుండా. కొత్త స్కోరింగ్ పెట్టేటప్పుడు మొదటి నెల జీతంతో సంబంధం లేకుండా నడపండి. అసిస్ట్ ప్యానెల్ మూసేసుకునే వీలివ్వండి, మూసేసినవాళ్ళని లిస్టు తీసి పిలవకండి.

మీ కోసం మీరు చూసుకోవాల్సింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌కి మూడు గుర్తులు చెప్పింది. ఒంట్లో శక్తి అయిపోయినట్టుండడం. పని మీద విరక్తో వెటకారమో పుట్టడం. నాకు చేతకాదు అనిపించడం. సెలవు రోజు పడుకుంటే పోయే అలసట వేరు. ఈ మూడూ కలిసి వారాల తరబడి ఉంటే, నిద్ర చెడితే, ఎవరితోనైనా మాట్లాడండి. టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం పెట్టింది, 14416. ఉచితం, 24 గంటలూ, తెలుగులో మాట్లాడొచ్చు. మీరు రోజంతా అవతలివాళ్ళ గోడు వినేవాళ్ళు. ఒకసారి మీరు చెబితే తప్పులేదు.

ప్రశ్న ఒకటి వచ్చింది, మైకు అందలేదు కాబట్టి నేనే చెబుతాను. "కాల్స్ మధ్య ఖాళీ దొరకట్లేదు అంటే మా టీఎల్ డేటా ఏది అంటారు. ఏం చూపించాలి?" మంచి ప్రశ్న. కాగితం మీద రాసుకోండి అందామంటే, క్లీన్ డెస్క్, పెన్ను కూడా లోపలికి రానివ్వరు. ఫోన్ లాకర్‌లో. కానీ డేటా వాళ్ళ దగ్గరే ఉంది. వర్క్‌ఫోర్స్ వాళ్ళ, అంటే షిఫ్టులు వేసేవాళ్ళ, ఇంటర్వల్ రిపోర్ట్‌లో అరగంటకొకసారి అవైల్ టైమ్ ఉంటుంది, ర్యాప్ సగటు ఉంటుంది. అవైల్ టైమ్‌ని కాల్స్ సంఖ్యతో భాగించి, దానికి ర్యాప్ సగటు కూడమనండి. బాట్ రాకముందు నెలదొకటి, వచ్చాక నెలదొకటి. ఆ ఒక్క అంకె అడగండి. ఇవ్వకపోతే, టీ బ్రేకులో లాకర్ దగ్గర ఫోన్ తీసి, బ్రేకుకి ముందు రెండు గంటల్లో నీళ్ళు ఎన్నిసార్లు తాగగలిగారో రాసుకోండి. ఐదు షిఫ్టులు చాలు. టీమ్‌లో పన్నెండు మంది రాస్తే అరవై షిఫ్టుల లెక్క అవుతుంది. అది పట్టుకుని వెళ్ళండి.